అడుగున మిగిల్చిన యాసిడ్

పోయిన వారం పల్లవిని మనం ఇరకాటంలో వదిలేసి వచ్చాం. ల్యాబులో, చేతిలో తళతళలాడే స్టీలు ముక్కతో నిలబడి ఉంది. ఆ ముక్క మెరవడమే వచ్చిన చిక్కు. అది నల్లబడి, గతుకులు పడి, గోరు తగిలితే రాలిపోయి ఉంటే అందరికీ నిమ్మళంగా ఉండేది, ఒక్క వేల్మురుగన్‌కి తప్ప.

ఈ వారమే కథలో అడుగుపెట్టిన వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. బాహూరు పోయే దారిలో రామభద్రరావు గారిది ఒక చిన్న కార్ఖానా. ఎక్కడెక్కడో వాడేసి మురికిపట్టిన నైట్రిక్ యాసిడ్ అక్కడికి వస్తుంది. దాన్ని పెద్ద స్టీలు అండాలో మరగబెట్టి, ఆవిరిని చల్లార్చి, శుభ్రమైన యాసిడ్‌గా పట్టుకుని మళ్ళీ అమ్ముతారు. సారా కాచినట్టే, తాగడానికి పనికిరాదంతే. అండా అంటే మూత బిగించిన గంగాళం అనుకోండి. పోయిన ఏడు ఆ అండాకి వేల్మురుగన్ అనే వెల్డరు కొత్త అడుగు అతికాడు. మొన్నామధ్య పని జరుగుతూ ఉండగా, సరిగ్గా ఆ అతుకు పక్కనే చిల్లి పడింది. మరుగుతున్న యాసిడ్ కుమరేశన్ కాలి మీద పడింది. అతనింకా ఆసుపత్రిలోనే ఉన్నాడు.

చిల్లి అతుకు పక్కన పడింది, అతికింది వేల్మురుగన్. ఇంకేం కావాలి? "తప్పు నాదేనని రాసి సంతకం పెట్టు, పోలీసుల దాకా వెళ్ళను" అన్నారు రామభద్రరావు గారు, వైట్ టౌన్‌లో తన ఆఫీసు కుర్చీలో వెనక్కి వాలి. మనిషి దుర్మార్గుడేం కాదు. గొడవ ఎంత తొందరగా తెమిలితే అంత మంచిదనుకునే రకం. సంతకానికి సోమవారం దాకా గడువిచ్చారు. పెడితే జైలు తప్పుతుంది కానీ, ఆ తర్వాత ఈ ఊళ్ళో వేల్మురుగన్ చేతికి వెల్డింగు కడ్డీ ఇచ్చేవాడుండడు. వాళ్ళమ్మ కనగానికి అతనొక్కడే దిక్కు.

ఆ అతుకు మంచిదో చెడ్డదో తేల్చమని యానాం పిల్ల పల్లవికి అప్పగించారు. ప్రైవేటు ల్యాబులో లోహాలను పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. అసలు అతుకు వేసిన రోజే, అదే రేకుతో, అదే కడ్డీతో ఒక నమూనా ముక్కను కూడా అతికి దాచడం ఈ పనిలో ఆనవాయితీ. ఆ ముక్కను పల్లవి యాసిడ్‌లో మరగబెట్టింది. కడిగి, తూచి, ఆ యాసిడ్ పారబోసి, కొత్త యాసిడ్‌లో మళ్ళీ మరగబెట్టింది. ఇలా విడతలు విడతలుగా. చివరికి బయటికి తీస్తే, కొత్త పెళ్ళికూతురి గాజులా మెరుస్తూ వచ్చింది. వేల్మురుగన్ ఆ రోజు ల్యాబు గేటు బయటే కాచుకుని ఉన్నాడు. "మేడమ్, నా అతుకు బతికిందా?" అని అడిగాడు, ఆపరేషను గది ముందు నిలబడ్డ తండ్రిలాగా. అండా సంగతి కూడా తేలాక చెబుతానంది పల్లవి.

అతుకు బతికింది. మరి అండా ఎందుకు చచ్చింది? ఇక్కడే ఆగాం.

ఆదివారం పొద్దున పల్లవి నటేశన్ నగర్‌లో తన మేడ మీద గది తాళం వేసి, చేతిలో పాత పేపరు పొట్లంతో మెట్లు దిగింది. ఆమెకు నిద్ర చాలలేదు. అయినా మొహంలో అలసట కంటే ఆత్రమే ఎక్కువగా ఉంది. అర్థం కానిది ఎదురైతే కొందరికి తలనొప్పి వస్తుంది, పల్లవికి ఆకలి వేస్తుంది. అలాంటి పుటక.

కింది వాటాలో ఇంటివాళ్ళు, చెంగల్రాయన్, ఆండాళమ్మ. ఎన్నో తరాల కిందట ఈ తమిళ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ తెలుగు అక్షరం ముక్క రాదు. పల్లవి మొదటిసారి వాళ్ళ మాట విన్నప్పుడు అది తెలుగని పోల్చుకోవడానికే కాస్త సమయం పట్టింది. వాళ్ళకీ ఆమె "అండీ"లు అంతే విచిత్రం. "మీ యానాంలో కుక్కను పిలిచినా అండీ అంటారా పాపా?" అని ఆండాళమ్మ ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది.

పల్లవి ఈయన దగ్గరికే రావడానికి కారణం ఉంది. కార్ఖానాలో అండా కాసేది చెంగల్రాయనే. దాని కడుపులో సంగతులు ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. పొద్దున్నే రావడానికి భయపడటానికీ కారణం ఉంది. కాలు కాలిన కుమరేశన్ ఆయన చెల్లెలి కొడుకు. వేల్మురుగన్ పేరు చెబితే ఆయన మీసం లేచి నిలబడుతుంది.

చెంగల్రాయన్ వరండాలో బనియనుతో కూర్చుని గ్లాసులో కాఫీ చల్లారబెట్టుకుంటున్నాడు.

"రా పాపా, కూర్చో. ఏంది ఆ పొట్లం?"

"మీ అండా ముక్కండీ బాబాయ్ గారూ. నిన్న కోయించి తెచ్చుకున్నాను."

"ఆ శనిని ఇంట్లోకి యాల తెచ్చినావు?" లోపల్నుంచే అంది ఆండాళమ్మ.

పల్లవి నేల మీద పేపరు పరిచి ముక్కను పెట్టింది. అరచెయ్యంత రేకు. పైసగం అద్దంలా ఉంది. కింది సగం బూడిద రంగులో, మొద్దుగా ఉంది. ఆ కింది సగం మీద ఆమె బొటనవేలితో గట్టిగా రుద్దింది. పేపరు మీద సన్నగా, మెరిసే రవ్వ రాలింది.

చెంగల్రాయన్ గ్లాసు పక్కన పెట్టేశాడు. వంగి, ఆ రవ్వను వేలికి అద్దుకుని వెలుతురులో చూశాడు.

"చక్కెర మాదిరి ఉండాదే! ఇది స్టీలా?"

"స్టీలేనండి. పైకి ఒకటే రేకులా కనపడుతుంది కానీ, లోపల గింజ గింజ పక్కన పేర్చినట్టుంటుంది. గింజకీ గింజకీ మధ్య సందుల్ని యాసిడ్ తినేసింది. సందు పోతే గింజ నిలవదు కదండీ. రాలిపోతుంది."

"అదాన్! అదే నేను చెప్తా ఉండేది. ఆ వేల్మురుగన్ గాడు అతుకు ఒళుంగుగా, సరిగ్గా వేసుంటే ఇట్ల రాలునా? మంట జాస్తి పెట్టి రేకును చంపేసినాడు. నా కుమరేశన్ కాలు..."

"ఇది అతుకు దగ్గర ముక్క కాదండీ."

చెంగల్రాయన్ ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"యాడిది మరి?"

"అతుక్కి మూరెడు పైన ఉన్న గోడండి. వేల్మురుగన్ మంట అక్కడికి రానే రాలేదు. నిన్న మీటరు పెట్టి అండా చుట్టూ మందం కొలిచాను. యాసిడ్ నిలిచే ఎత్తు దాకా ఎక్కడ చూసినా ఒకేలా తరిగిపోయింది. అతుకు పక్కన కాస్త ఎక్కువ తరిగింది, అందుకే చిల్లి ముందు అక్కడ పడింది. ఇంకొన్నాళ్ళుంటే ఇక్కడా పడును."

"అయితే రేకే మోసం. ఏదో నాసి సరుకు తెచ్చి కొట్టుంటారు."

"రేకు కూడా చూశానండి. మంచి రేకే."

"రేకు మంచిది, అతుకు మంచిది. అప్పుడు యాసిడ్ చెడ్డదా? ఎన్నమా నువ్వు!" ఆయన నవ్వాడు. "యాసిడ్ అంటేనే చెడ్డది కద."

పల్లవి కూడా నవ్వింది. కానీ ఆమె కళ్ళు ఆ రవ్వ మీదే ఉన్నాయి.

"అదేనండీ నాకు అర్థం కానిది. ఈ యాసిడ్ మిగతా యాసిడ్ల లాంటిది కాదు. స్టీలుకి ఇది స్నేహితుడే. స్టీలులో క్రోమియం అని ఉంటుంది. దాని వల్లే రేకు మీద కంటికి కనపడని పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంత కాలం స్టీలుకి ఏ భయమూ లేదు. ఈ నైట్రిక్ యాసిడ్ తగిలితే ఆ పొర పోదు, ఇంకా గట్టిపడుతుంది. అందుకే కదా మీ అండా స్టీలుతో చేశారు. ఇనుముతో చేస్తే ఒక్క పూట ఆగదు. మరి కవచం తొడిగిన చెయ్యే కవచాన్ని ఎందుకు ఊడబెరికింది? నాకు రాత్రి నుంచీ అదే ఆలోచనండి."

చెప్పొద్దూ, ఈ ప్రశ్న వినగానే చెంగల్రాయన్‌లో కోపం కాస్త పక్కకు జరిగింది. ఏళ్ళ తరబడి ఆ అండాతో కాపురం చేసిన మనిషి. దాని గురించి అడిగేవాళ్ళే లేరు ఇన్నాళ్ళూ. చెల్లెలి కొడుకు మీద దిగులు ఒక పక్కన పీకుతున్నా, తన పని గురించి ఒక చదువుకున్న పిల్ల ఇంత శ్రద్ధగా వింటుంటే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"ఏం కావాల అడుగు. చెప్తా."

"మీరు అండా ఎలా కాస్తారో మొదట్నించీ చెప్పండి. నేను చూడలేదనుకోండి. పొద్దున రాగానే ఏం చేస్తారు?"

"చెయ్యి కడుక్కుంటా. సామికి దణ్ణం పెట్టుకుంటా. తరువాత మూత తీసి తోడు చూసుకుంటా."

"తోడేంటండీ?"

చెంగల్రాయన్ తలుపు వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఆండాళూ! పాలల్లో తోడు వెయ్యకుండా పెరుగు అవునా అని అడగతా ఉండాది యానాం పాప!"

"అవును, మాకు తోడు అంటే పెరుగుకే తెలుసండీ. యాసిడ్‌కి తోడేంటి?"

"విను. కొత్త యాసిడ్ పోసి మంట పెడితే ఏమవుతుంది తెలుసా? సుమ్మా ఊరికే కూర్చుంటుంది, కూర్చుంటుంది, ఉన్నట్టుండి గబాల్న ఎగిరి కొడుతుంది. అండా అంతా అదురుతుంది. పాత యాసిడ్ కొంచెం అడుగున ఉంటే అట్ల కాదు. చల్లగా, మెల్లగా ఉడుకు వస్తుంది. అందుకే నేను ఎప్పుడూ అండాను పూర్తిగా వంచను. అడుగున ఇంత మిగిలిస్తా. దాని మీదే కొత్తది పోస్తా. ఇది మా మామ నాకు నేర్పించిన పని. ఆండాళు వాళ్ళ నాయన. ఆయన చెయ్యి పట్టుకుని నేర్పించినాడు. పాత ముదలాళి ఉండే కాలం అది. రామభద్రరావు గారు కొనక ముందు."

"అంటే అడుగున మిగిలింది ఎప్పుడూ బయటికి పోదా?"

"యాల పోనిస్తా? ఆయుధ పూజకు అండా కడగాల కద, అప్పుడు కూడా తోడును గాజు జాడీలో తీసి పెట్టుకుంటా. అండా కడిగి, గంధం పెట్టి, బొట్టు పెట్టి, మొదట తోడు పోసి తరువాతే కొత్తది. అడుగు మార్చినా అంతే. అడుగు మారుతుంది, తోడు మారదు. మా మామ పోసిన తోడు పాపా అది! దాని రంగు చూడాల నువ్వు. కాచి పట్టిన యాసిడ్ నీళ్ళ మాదిరి ఉంటుంది. ఇది బాగా మగ్గిన కమలాపండు రంగు. ఏడాదికి ఏడాది రంగు ఎక్కుతానే ఉండాది."

పల్లవి కలం పట్టుకోలేదు, ఫోను తీయలేదు.

కమలాపండు రంగు.

పరీక్షలో ఒక నియమం ఉంది. విడత విడతకీ యాసిడ్ మార్చి తీరాలి. కాలేజీలో నేర్చుకున్న నాటి నుంచీ పల్లవి ఆ నియమం తప్పలేదు. ఎందుకు మార్చాలని ఆమె ఎప్పుడూ అడగలేదు. శుభ్రం కోసమనుకుంది. మనం అందరం అంతేగా, పెద్దలు పెట్టిన నియమాల్లో సగం శుభ్రం కోసమనుకుని సరిపెట్టుకుంటాం. ఇప్పుడు, ఈ వరండాలో, బనియను వేసుకున్న పెద్దమనిషి తన మామగారి గొప్ప చెబుతుంటే, ఆ నియమం ఎందుకుందో ఒక్కసారిగా తెలిసిపోయింది.

ఆమెకు గాల్లోకి ఎగరాలన్నంత సంతోషం కలిగింది. ఎన్నాళ్ళుగానో తెరుచుకోని తాళం తెరుచుకున్నప్పుడు కలిగే సంతోషం. మరుక్షణమే ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసింది. ఆ సంతోషం అక్కడే ఆగిపోయింది. తాళం తెరుచుకుంది సరే, లోపల ఉన్నది ఎవరనుకున్నారు? మేడ మీద అద్దెకు చేరిన నాటి నుంచీ, జ్వరమొస్తే మిరియాల కషాయం పట్టుకుని మెట్లెక్కి వచ్చిన మనిషి.

"ఏంది పాపా, మాట ఆపేసినావు?"

"ఏం లేదండీ."

"ఏం లేదంటే ఏదో ఉండాది. చెప్పు."

పల్లవి కావాలంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. కానీ రేపు సోమవారం. వేల్మురుగన్ ప్రశ్న ఆమె చెవిలోంచి పోలేదు.

"బాబాయ్ గారూ, ఆ రంగు యాసిడ్‌ది కాదండి. అండాది."

"అండాదా?"

"ఎంత మంచి స్టీలైనా ఇంత మంట మీద, ఇంత చిక్కటి యాసిడ్‌లో ఆవగింజంతైనా కరుగుతుందండి. దాంతో పాటు అందులో ఉన్న క్రోమియం కూడా యాసిడ్‌లో కలుస్తుంది. మీరు మరగబెడితే యాసిడ్ ఆవిరై పైకి పోతుంది. క్రోమియం పోదు, అడుగునే ఉండిపోతుంది. మరుగుతున్న యాసిడ్‌లో నలిగి నలిగి అది చాలా కసిగా తయారవుతుంది. ఆ కసి రంగే మీరు చూసిన కమలాపండు రంగు. ఇందాక యాసిడ్ స్టీలుకి కవచం తొడుగుతుందన్నాను కదా. ఇది కలిసిన యాసిడ్ మితిమీరిపోతుందండి. తొడిగిన కవచాన్నే కరిగించేస్తుంది. గింజల సందుల్లోంచి మొదలుపెడుతుంది. కరిగిన కొద్దీ ఇంకాస్త క్రోమియం, అది చేరిన కొద్దీ ఇంకాస్త కరగడం. అండాలోంచి వచ్చిందే అండాని తింటుంది."

"తోడు అండాను తినిందా?" చెంగల్రాయన్ గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "సుమ్మా చెప్పొద్దు పాపా. మా మామ కాలం నుంచి తోడు వేస్తా ఉండాము. అప్పుడు పోనిది ఇప్పుడు యాల పోయింది?"

"అప్పుడు పోలేదాండీ? పోయిన ఏడు వేల్మురుగన్ చేత అడుగు ఎందుకు మార్పించారు?"

"అది పాతబడిపోయింది కద. పలచన అయింది."

"అంతకు ముందుది?"

చెంగల్రాయన్‌కు తేదీలు గుర్తుండవు. ఇంట్లో జరిగిన సంగతులతోనే కాలాన్ని కొలుచుకుంటాడు. వేళ్ళు మడుస్తూ తనలో తనే చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

"మా కూతురు కార్తిక పుట్టినప్పుడు ఒక అడుగు వేసినారు. అది కార్తిక బడికి పోయి, పెద్దమనిషి అయ్యే దాకా ఉండింది. తరువాత వేసింది..." ఇంకో వేలు మడిచాడు. "దాని పెళ్ళి దాకా రాలే. కాలేజీలో ఉండగానే మార్చినాము. అప్పుడు వేసింది పెళ్ళి దాకే వచ్చింది. పెళ్ళికి ఇంకోటి వేసినాము. కార్తిక బిడ్డ నడక నేర్చే లోపలే అదీ పోయింది. అదే వేల్మురుగన్ మార్చింది. వాడు వేసింది..."

అయిదో వేలు మడవలేదు. ఆ చేతిని అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ప్రతి అడుగూ ముందుదాని కంటే తొందరగా పోయింది. అడుగులు వేసినవాళ్ళు వేరు వేరు వెల్డర్లు. రేకులు వేరు. యజమానులే మారిపోయారు. మారనిది ఒక్కటే, తోడు.

"అయితే కుమరేశన్ కాలు..." అన్నాడు చెంగల్రాయన్.

పల్లవికి ఏడుపొచ్చింది. "మీరు తెలిసి చెయ్యలేదండీ. ఎవరికీ తెలీదు. నాకే ఇప్పటిదాకా తెలీదు."

తలుపు దగ్గర ఆండాళమ్మ ఎప్పటినుంచి నిలబడి ఉందో, కొంగు నడుముకి బిగించి బయటికి వచ్చింది. ఎప్పుడూ నవ్వే ఆ మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

"మా నాయన నేర్పిన పని తప్పంటావా నువ్వు?"

"పిన్ని గారూ, ఆయన కాలంలో యాసిడ్ ఎగరకుండా ఉండటానికి అది మంచి ఉపాయమేనండి. కానీ ఎప్పటికప్పుడు పారబోసి..."

"ఉపాయమో అపాయమో, ఇది ఎవరికి తెలుసు? నీకు, నాకు, ఈయనకి. అండా పగిలిపోయింది. యాసిడ్ పారిపోయింది. రేపు నువ్వు పోయి ఏం చెప్తావు?"

"అతుకు మంచిదని చెప్తానండి."

"వాళ్ళు నమ్ముతారా?"

అదే పల్లవి భయమూను. రామభద్రరావు గారు ఏమంటారో ఆమెకు ముందే తెలుసు. నమూనా ముక్కను ఒళ్ళు దగ్గర పెట్టుకుని అతికాడు, అండాని అశ్రద్ధగా అతికాడు అంటారు. కాదని రుజువు చెయ్యాలంటే ఆ తోడు కావాలి. అదే రేకును ఒక గిన్నెలో కొత్త యాసిడ్‌తో, ఇంకో గిన్నెలో ఆ తోడుతో మరగబెట్టి చూపిస్తే ఇక ఎవరూ నోరెత్తలేరు. తోడు లేకపోతే ఆమె చెప్పేది కథ.

"తోడు లేనిదే నమ్మించడం కష్టమండి" అంది నిజాయితీగా.

"అయితే వదిలెయ్యి పాపా." ఆండాళమ్మ గొంతు తగ్గింది. అది బెదిరింపు కాదు, బతిమాలడం. "ఈయన ఇంక కొంచెం కాలంలో పని మానుకుంటాడు. కుమరేశన్ వాళ్ళమ్మ ఈయనకి సొంత చెల్లెలు. నీ కొడుకు కాలు కాల్చింది నీ అన్నే అని తెలిస్తే ఆ బిడ్డ మా గడప తొక్కునా? వేల్మురుగన్ చిన్నవాడు. ఇంకో ఊరు పోయి బతుకుతాడు."

ఆండాళమ్మ చెడ్డదని నేనను. మొగుడి పరువు, పుట్టింటి పరువు రెండూ ఒకే జాడీలో ఉన్నప్పుడు, దాన్ని దాచాలనుకోని ఆడమనిషి ఎక్కడుంది? పల్లవికి కూడా ఆమె మీద కోపం రాలేదు. దిగులే వచ్చింది.

వీధిలో పాత సామాన్లు కొనేవాడు అరుచుకుంటూ పోయాడు. చెంగల్రాయన్ పేపరు మీద రాలిన రవ్వను వేలితో ఒక చోటికి చేర్చుతూ ఉన్నాడు.

"తోడు ఉండాది" అన్నాడు.

ఆండాళమ్మ ఆయన వైపు చూసింది.

"చిల్లి పడినప్పుడు అంతా పోలే. అడుగున కొంచెం నిలిచింది. కుమరేశన్‌ను ఆటోలో ఎక్కించి పంపినాము. అందరూ ఆసుపత్రికి పరిగెత్తినారు. నేను పోలే." ఆయన మాట్లాడుతున్నది ఎవరితోనో చెప్పడం కష్టం. "నేను తిరిగి లోపలికి పోయినా. చల్లారే దాకా కాచుకుని, మిగిలిన తోడును జాడీలోకి పట్టుకున్నా. కొత్త అండాకు కావాల కద అని. బిడ్డ అక్కడ అరుస్తా ఉంటే, నేను ఇక్కడ తోడు పోకుండా చూసుకున్నా. కార్ఖానా షెడ్డు వెనకాల పెట్టి ఉండా. పోయి తెస్తా. నువ్వు ఏం చేస్తావో చెయ్యి."

"ఏమయ్యా!" అంది ఆండాళమ్మ.

"వద్దు ఆండాళూ. మొన్న ఆ వేల్మురుగన్ మన గేటు దగ్గర నిలబడి ఏడిచినాడు. అన్నా, నేను బాగానే వేసినా, మీరన్నా చెప్పండి అని. నేను ఏం చెప్పినా తెలుసా? నీ చేతి పాపం వాని కాలు తినింది, మగవాడివైతే ఒప్పుకో, సంతకం పెట్టు అన్నా. ఆ మాట నేను వాపసు తీసుకోవాల. ఇప్పుడే తీసుకోవాల."

ఆయన ఫోను తీశాడు. ఇదివరకెప్పుడో కొట్టిన నంబరు వెతికి నొక్కాడు. చెవి కాస్త మందం కాబట్టి ఆయన ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. పల్లవి గుండె తేలికపడింది. జాడీ ఉంది, మనిషి ఉన్నాడు, సోమవారానికి ఇంకా ఒక రోజు ఉంది. అంతా చక్కబడుతుందని ఆమె నిజంగా నమ్మింది.

అటునుంచి ఆడగొంతు పలికింది. వేల్మురుగన్ తల్లి కనగం.

"కనగం, నేను చెంగల్రాయన్. వేల్మురుగన్‌ను పిలువు. వాడు రేపు సంతకం పెట్టకూడదు."

"రేపా అన్నా?" కనగం తమిళంలో అంది. ఆ గొంతులో చాలా రోజుల తర్వాత కాస్త కుదుటపడ్డ మనిషి నెమ్మది ఉంది. "నిన్ననే పెట్టేశాడు కదా. మీరు చెప్పాక ఇంక రేపటిదాకా ఎందుకని వాడే ఆఫీసుకి వెళ్ళి పెట్టి వచ్చాడు. మీ మాట వల్లే వాడికి ధైర్యం వచ్చిందన్నా."

పల్లవి ముందుకు వంగి, "అమ్మా, వేల్మురుగన్ ఇప్పుడెక్కడున్నాడు?" అని తనకొచ్చిన తమిళంలో అడిగింది.

"ఆసుపత్రికి బయల్దేరాడమ్మా, ఇప్పుడే. కుమరేశన్ కాళ్ళు పట్టుకుంటానని. ఇన్నాళ్ళూ నా అతుకు మంచిదే, మంచిదే అని మొండిగా ఉండేవాడు. అన్న మాట విన్నాక వాడికీ అర్థమైంది, తప్పు తనదేనని. ఇంక జన్మలో వెల్డింగు పట్టనని కుమరేశన్ ముందు ఒట్టు వేసి వస్తానన్నాడు." మళ్ళీ చెంగల్రాయన్‌తోనే అంది. "మీరు పెద్దవాళ్ళన్నా. మీరు చెప్పి ఉండకపోతే వాడు ఎప్పటికీ ఒప్పుకునేవాడు కాదు."

చెంగల్రాయన్ చేతిలోంచి ఫోను జారి, పేపరు మీద పడింది. ఆయన బనియనుతోనే, కాళ్ళకు చెప్పుల్లేకుండానే గేటు తీసుకుని వీధిలోకి, ఆసుపత్రి వైపు పరుగెత్తాడు.